ఫ్రీస్టైల్ కయాక్ ఎంపిక: మీ బరువు, మీ కాళ్ళ పొడవు, మీరు ఆడే నీరు

ఫ్రీస్టైల్ కయాక్ కొనబోయేవారు ముందుగా అడిగేది ఏ కంపెనీ పడవ మంచిదని. నా లెక్కలో అది మూడవ ప్రశ్న. మీ బరువుతో పోలిస్తే ఆ పడవ ఘనపరిమాణం ఎన్ని లీటర్లన్నది మొదటి ప్రశ్న. మీరు ఎక్కువగా ఆడబోయే నీరు ఎలాంటిదన్నది రెండవది. ఈ రెండింటికీ జవాబు తెలిసినవారు జాక్సన్ కయాక్ వారి రాక్ స్టార్, డాగర్ వారి జిట్సు, పిరానా వారి జెడ్ వంటి పేరున్న నమూనాలలో ఏది తీసుకున్నా పెద్దగా నష్టపోరు. తెలియనివారు ప్రపంచ ఛాంపియన్ నడిపిన నమూనానే తెచ్చుకున్నా, అది వారి కింద మొరాయిస్తుంది. అందువల్ల ఈ సమీక్షలో నమూనాలకు మార్కులు వేయడం కన్నా, ఏ శరీరానికీ ఏ ఆటకూ ఏది నప్పుతుందో చెప్పడానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఈ క్రీడకు కొత్తవారి కోసం కొంత వివరణ అవసరం. నది వడిగా పారే కొన్ని చోట్ల అలలు కదలకుండా ఒకే స్థలంలో నిలిచి ఉంటాయి. మునిగిన బండ మీదుగా దూకిన నీరు కింద గుంట చేసుకుని, పైపొర తిరిగి ఎగువకు మళ్ళే చోటును హోల్ అంటారు. ఫ్రీస్టైల్ కయాకర్ దిగువకు కొట్టుకుపోకుండా అలాంటి అల మీదనో హోల్‌లోనో నిలిచి, పడవను నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా తిప్పుతాడు. అంతర్జాతీయ పోటీల్లో ఒక్కో విడతకు 45 సెకన్లు ఇస్తారు; ఒక విన్యాసాన్ని ఒకే దిశలో ఎన్నిసార్లు చేసినా మార్కులు ఒక్కసారే వస్తాయి గనుక, ఒకే పడవ అనేక రకాల విన్యాసాలకు లొంగవలసి ఉంటుంది. 1980లలో నదుల్లో విరివిగా కనిపించిన పర్సెప్షన్ వారి డాన్సర్ పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. 1990లలో బల్లపరుపు అడుగుభాగం వచ్చాక పడవలు ఏటేటా పొట్టివవుతూ వచ్చి, నేటి ఫ్రీస్టైల్ కయాక్ 170 నుంచి 185 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. అంటే చాలామంది విషయంలో పడవ పొడవు మనిషి పొడవుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంత చిన్న పడవలో మనిషి శరీరమే సగం యంత్రం కాబట్టి, సైజు విషయంలో జరిగే చిన్న తేడా కూడా ఆటంతటినీ మార్చివేస్తుంది.

ఘనపరిమాణం సంగతి కొంచెం నెమ్మదిగా చూద్దాం. తేలే వస్తువు ఏదైనా తన మొత్తం బరువుకు సమానమైన నీటిని పక్కకు తోస్తుంది. ఒక లీటరు నీరు సుమారు ఒక కిలో. మనిషి 70 కిలోలు, హెల్మెట్, లైఫ్ జాకెట్, స్ప్రే స్కర్ట్ (నడుముకు తొడుక్కుని, కూర్చునే రంధ్రంలోకి నీరు రాకుండా మూసే గుడ్డ), తడిసిన దుస్తులు కలిపి 6 కిలోలు, పడవ 14 కిలోలు అనుకుంటే మొత్తం 90 కిలోలు, అంటే పడవలో 90 లీటర్ల భాగం నీటి కింద ఉంటుంది. ఆ పడవ ఘనపరిమాణం 180 లీటర్లయితే అది సరిగ్గా సగం మునుగుతుంది. 240 లీటర్లయితే మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ మాత్రమే మునిగి, 150 లీటర్లు పైన మిగులుతాయి. పైన మిగిలిన ఈ భాగాన్ని బలవంతంగా నీటిలోకి తొక్కినప్పుడు నది దానిని అంతే బలంగా పైకి తోస్తుంది, ఆ తోపుతోనే పడవ గాలిలోకి లేస్తుంది. ముందు కొనను నిలువుగా ముంచి, పైకి లేచే క్షణంలో శరీరాన్ని ముడిచి వేసే పిల్లిమొగ్గను లూప్ అంటారు. దానికి ఈ మిగులు ఎంత ఎక్కువ ఉంటే అంత ఎత్తు వస్తుంది. రెండు కొనలనూ ఒకదాని తర్వాత ఒకటి నీటిలోకి దించుతూ తిప్పే కార్ట్‌వీల్‌కు మాత్రం మిగులు తక్కువగా ఉండాలి, ఎందుకంటే ప్రతిసారీ ఆ కొనను ముంచవలసింది మీ నడుము బలమే. ఫ్రీస్టైల్ కయాక్ రూపకర్తలు ఇన్నేళ్ళుగా సర్దుబాటు చేస్తూ వస్తున్న వైరుధ్యం ఇదే. మనిషి కూర్చునే రంధ్రమైన కాక్‌పిట్ చుట్టూ ఘనపరిమాణాన్ని కుప్పపోసి కొనలను పలుచగా చేయడం వారు కనుగొన్న పరిష్కారం. నేటి పడవ పైనుంచి చూస్తే పొట్టిగా, పక్కనుంచి చూస్తే నడుమ ఉబ్బుగా కనిపించడానికి కారణం అదే.

పై లెక్కలో పడవ లోపలికి చేరే నీటిని కలపలేదు. స్ప్రే స్కర్ట్ కారి పది లీటర్లు లోపలికి వచ్చిందంటే పది కిలోలు పెరిగినట్టే. మిగులు పది లీటర్లు తగ్గిపోయి, ఆ నీరు ప్రతి మలుపులోనూ తప్పు పక్కకు పరుగెత్తుతుంది. సైజు సరిపోలేదని పడవను నిందించేవారిలో కొందరి అసలు సమస్య కారే స్కర్టేనని నాకు గట్టి అనుమానం.

ప్రతి తయారీదారూ ప్రతి సైజుకు ఒక బరువు పరిధి ప్రకటిస్తాడు. దానిని చదివేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, ఆ బరువు ఒంటి బరువా, సామగ్రితో కలిపినదా అన్నది. తడి సామగ్రి ఐదారు కిలోలు సులువుగా తూగుతుంది కనుక, పరిధి అంచున ఉన్నవారికి ఈ తేడా ఒక సైజునే మార్చగలదు. రెండవది, పరిధి ఎంత వెడల్పుగా ఉన్నా ఆ పడవ నిజంగా బాగా ఆడేది దాని నడిమి భాగంలోనే. పరిధి పైఅంచున ఉన్నవారికి కొనలు తేలికగా మునుగుతాయి, నిశ్చల జలంలో సాధన హాయిగా సాగుతుంది, అయితే లోతైన హోల్‌లో పడవ ఆలస్యంగా పైకి వస్తుంది, నది దిగేటప్పుడు ప్రతి చిన్న సుడీ వెనుక కొనను పట్టుకుని లాగుతుంది. పరిధి కిందిఅంచున ఉన్నవారికి పడవ బుడగలా తేలి భద్రంగా అనిపిస్తుంది. కానీ కొనను నిలువుగా దించడానికి ఎంత శ్రమపడినా అది సగంలోనే తిరిగి లేస్తుంది. సైజుల పేర్లు కూడా కొంత తికమక పెడతాయి. రాక్ స్టార్ చిన్నది, మధ్యస్థం, పెద్దది అనే అక్షరాలతో వస్తుంది. జిట్సు సైజులను పొడవును సూచించే అంకెలతో గుర్తిస్తారు. వేవ్ స్పోర్ట్ వారి ప్రాజెక్ట్ నమూనాలో అంకె అమెరికన్ గ్యాలన్లను సూచిస్తుంది. గ్యాలన్ అంటే 3.785 లీటర్లు కాబట్టి ప్రాజెక్ట్ 52 అంటే సుమారు 197 లీటర్లు. ఒక కంపెనీ మధ్యస్థం సైజును మరో కంపెనీ మధ్యస్థం సైజుతో పోల్చకుండా, అన్నింటినీ లీటర్లలోకి మార్చుకుని మీ మొత్తం బరువు పక్కన పెట్టుకోవడం ఉత్తమం.

బరువు ఒక్కటే సరిపోతుందా అంటే సరిపోదు. ఒకే 75 కిలోల బరువున్న ఇద్దరిలో ఒకరు పొడగరి, మరొకరు పొట్టిగా దృఢంగా ఉన్నవారు అనుకోండి. పొడగరి మొండెం పొడవుగా ఉండడం వల్ల అతని బరువు పడవకు ఎత్తులో ఉంటుంది. ముందుకు వంగినా వెనక్కి వాలినా అది పొడవైన మీటలా పనిచేసి, కొనలను సులువుగా ముంచుతుంది. పొట్టివారికి ఆ మీట చిన్నది, దానికి ప్రతిఫలంగా సమతుల్యం ఎక్కువ. కనుక పొడవైన మొండెం గలవారు తమ బరువు సూచించే సైజు కన్నా కాస్త పెద్ద పడవను కూడా లొంగదీసుకోగలరు, పొట్టివారు రెండు సైజుల మధ్య ఉంటే చిన్నదాని వైపే మొగ్గడం మంచిది. కాళ్ళ విషయం దీనికి భిన్నంగా నడుస్తుంది. కాళ్ళు పొడవుగా ఉన్నవారి మోకాళ్ళు పడవ పైకప్పు అయిన డెక్‌కు ఒత్తుకుంటాయి, పాదాలు ముందు కొన సన్నబడే చోటికి చేరతాయి. అక్కడ డెక్ ఎత్తు కొద్ది అంగుళాలే ఉంటుంది కాబట్టి పాదాన్ని పక్కకు వాల్చి ఉంచవలసి వస్తుంది. పాదం పొడవు 28 సెంటీమీటర్లు దాటినవారు, బరువు తక్కువైనా సరే, చిన్న సైజు ఫ్రీస్టైల్ పడవలో చాలాసేపు కూర్చోవడం కష్టం. బూట్లు మాని పలుచని నియోప్రీన్ సాక్సులతో ఎక్కితే రెండు సెంటీమీటర్ల దాకా చోటు కలిసివస్తుంది. అయితే ఒడ్డున రాళ్ళ మీద నడవడానికీ, పడవ వదిలి ఈదవలసి వచ్చినప్పుడు కాలు ఊనడానికీ అవి చాలవు. పొడుగు కాళ్ళున్న తేలికపాటి మనిషికి సరిగ్గా నప్పే ఫ్రీస్టైల్ పడవ దొరకడం ఈ మార్కెట్‌లో ఇప్పటికీ కష్టమేనని నా అభిప్రాయం. అలాంటివారు డెక్ ముందుభాగం ఎత్తుగా ఉన్న నమూనాలను వెతుక్కుని, ఘనపరిమాణం కొంచెం ఎక్కువైనా సర్దుకోవలసిందే.

దుకాణంలో నేల మీద కూర్చుని చూసే పరీక్ష సగం మాత్రమే. ఆ సగం కూడా శ్రద్ధగా చేయాలి: మీరు నదిలో వేసుకునే దుస్తులతోనే కూర్చుని, సీటునూ, నడుము వెనుక ఆనించే పట్టీ అయిన బ్యాక్‌బ్యాండ్‌నూ సర్దుకుని, కనీసం పావుగంట కదలకుండా ఉండండి. కాలు తిమ్మిరెక్కితే ఎక్కడి నుంచి మొదలైందో గమనించాలి. మోకాలి దగ్గర మొదలైతే డెక్ ఎత్తు చాలలేదు, పిరుదు కింద మొదలైతే సీటు ముందుభాగానికి మెత్త వేస్తే సరిపోవచ్చు, పాదం దగ్గర మొదలైతే ఆ పడవను వదిలేయడమే నయం. తర్వాత ఎవరి సాయమూ లేకుండా ఒక్కసారిగా కాళ్ళు బయటికి లాగి చూడండి. పడవ తలకిందులైనప్పుడు అందులోంచి తేలికగా జారి బయటపడలేనివారు ఎంత నచ్చినా ఆ సైజు కొనకూడదు.

మిగతా సగం పరీక్ష నిశ్చల జలంలో జరగాలి. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చున్నప్పుడు ఒడ్డున ఉన్నవారిని పక్కనుంచి ఒక ఫొటో తీయమనండి. రెండు కొనలూ నీటికి దాదాపు సమానమైన ఎత్తులో ఉండి, ముందు కొన కొద్దిగా పైకి ఉంటే సీటు సరైన చోట ఉన్నట్టు. సీటు ముందుకు జరిపితే ముందు కొన తేలికగా మునుగుతుంది, కానీ అల మీద జారేటప్పుడు అదే కొన నీటిలో గుచ్చుకుంటుంది. వెనక్కి జరిపితే అల మీద హాయిగా ఉంటుంది, లూప్‌కు ముందు కొనను ముంచడం బరువవుతుంది. ఒక్క సెంటీమీటరు జరుపుడుకే ఈ తేడా తెలుస్తుంది గనుక, కొత్త పడవతో మొదట చేయవలసిన పని సీటు స్థానాన్ని వెతుక్కోవడమే. ఇక సైజు తేల్చే పరీక్ష ఇది: పడవను ఒక పక్కకు వాల్చి, డబుల్ పంప్ అనే పద్ధతిలో ముందు కొనను ఒకసారి పైకి లేపి, ఆ ఊపుతోనే కిందికి తోయండి. పద్ధతి సరిగ్గా వచ్చినవారికి కూడా కొన నిలువు దాకా దిగకపోతే పడవ పెద్దది. ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడే కాక్‌పిట్ వెనుక డెక్ మీద నీరు పారాడుతుంటే పడవ చిన్నది. పద్ధతి ఇంకా రానివారు తమ బరువే ఉన్న అనుభవజ్ఞుణ్ణి ఆ పడవలో కూర్చోబెట్టి చూడడం మేలు.

నీటి విషయానికి వస్తే, 2015లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కెనడాలోని ఒటావా నది మీద గార్బ్యురేటర్ అనే పెద్ద అల మీద జరిగింది. 2019లో స్పెయిన్‌లోని సోర్త్ పట్టణంలో నొగెరా పల్యరెసా నది మీది హోల్‌లో జరిగింది. ఈ రెండు వేదికల మధ్య తేడానే మీ ఎంపికలోనూ ఉంటుంది. పెద్ద అల మీద పడవ అసలు పని వేగం. అల ముఖం మీద నుంచి జారుతూ వేగం పుంజుకుని, ఎగిసే చోట ఒక అంచును నొక్కి గాలిలోకి లేవాలి. పాన్ ఆమ్, ఎయిర్ స్క్రూ, హెలిక్స్ వంటి విన్యాసాలన్నీ ఈ వేగంతోనే పుడతాయి. దానికి అడుగుభాగం పొడవుగా, బల్లపరుపుగా, బిర్రుగా ఉండాలి. హోల్‌లో వేగానికి పెద్ద పని లేదు. అక్కడ నీరే పడవను పట్టి ఉంచుతుంది. కావలసింది కురచదనం, మధ్యలో ఉబ్బు, పలుచని కొనలు. లూప్, స్పేస్ గాడ్జిల్లా, మెక్‌నాస్టీ, ఫీనిక్స్ మంకీ వంటివి హోల్ విన్యాసాలు. కురచ పడవ హోల్‌లో సునాయాసంగా తిరుగుతుంది, అదే పడవ మెల్లగా పారే అల మీద ముందుకు నిలవలేక వెనక్కి జారిపోతుంది.

కాబట్టి రెండు సైజుల మధ్య చిక్కుకున్నవారికి నేను చెప్పేది ఇంతే: మీ దగ్గర ఉన్నది పెద్ద అలో, లోతైన బలమైన హోలో అయితే పెద్ద సైజు తీసుకోండి, లోతు తక్కువైన చిన్న హోల్, లేదా ఈతకొలనులో సాధన అయితే చిన్నది తీసుకోండి. లోతు తక్కువైన చోట పెద్ద పడవను నిలువుగా దించితే కొన నేలకు తగిలి, పడవతో పాటు మీ భుజానికీ దెబ్బ తగలవచ్చు. అప్పుడప్పుడు విహారయాత్రలో వెళ్ళే గొప్ప అలను తలచుకుని పడవ కొనడం చాలామంది చేసే పని, ఆ పడవ మిగతా కాలమంతా వారికి బరువుగానే ఉంటుంది.

అడుగుభాగం ఆకారం గురించి అమ్మకందారులు చాలా మాట్లాడతారు, అందులో నిజంగా తేడా తెచ్చేవి రెండే. ముందు నుంచి వెనుకకు అడుగుభాగం పైకి వంగే తీరును రాకర్ అంటారు. రాకర్ ఎక్కువైతే పడవ వదులుగా తిరుగుతుంది, అల మీద ముందు కొన గుచ్చుకోదు, వేగం తగ్గుతుంది. తక్కువైతే దీనికి తారుమారు. అడుగుకూ పక్కగోడకూ మధ్య ఉండే అంచు రెయిల్. పదునైన రెయిల్ అల ముఖాన్ని కోసుకుంటూ కోరుకున్న దిశలో తీసుకుపోతుంది, ఏమరుపాటున ఉన్నవారిని అంతే వేగంగా బోర్లా పడేస్తుంది. గుండ్రని రెయిల్ క్షమిస్తుంది, అయితే పెద్ద అల మీద పట్టు ఇవ్వదు. వెడల్పు విషయంలో నా వాదన కొందరికి నచ్చకపోవచ్చు: వెడల్పు పడవ స్థిరంగా ఉంటుందని కొత్తవారికి దానినే సిఫారసు చేస్తారు, కానీ భుజాలు సన్ననివారు తెడ్డు నీటిలో నిలువుగా దించడానికి ప్రతిసారీ పక్కకు వంగవలసి వస్తుంది, అంచు నుంచి అంచుకు మారడం కూడా ఆలస్యమవుతుంది. ఆ స్థిరత్వానికి వారు చెల్లించే మూల్యం ఎక్కువే.

ఇప్పుడు నమూనాలు. 1993, 2001, 2005, 2007 సంవత్సరాల్లో ప్రపంచ ఛాంపియన్ అయిన ఎరిక్ జాక్సన్ స్థాపించిన జాక్సన్ కయాక్ నుంచి వచ్చిన రాక్ స్టార్ ఈ వర్గానికి కొలబద్దగా నిలిచింది. కాక్‌పిట్ చుట్టూ ఉబ్బు, సన్నని కొనలు, హోల్‌లో ఎత్తుకు లేచే గుణం దాని బలాలు. తొలి లూప్ నేర్చుకోవాలనుకునేవారికి, బరువు పరిధి సరిగ్గా కుదిరితే, నేను మొదట సూచించేది ఇదే. నది దిగడానికి మాత్రం ఇది సుఖమైన వాహనం కాదు. వేగం లేదు, వెనుక కొన ప్రవాహానికి చిక్కుతుంది, పొడవైన నిశ్చల భాగాల్లో సహచరుల వెనుకే ఉండిపోతారు. జిట్సు కూడా కురచ పడవల కోవలోనిదే. మలుపుల్లో వదులుగా తిరిగే గుణం వల్ల చిన్న హోల్‌లలో స్పిన్‌లు, కార్ట్‌వీల్‌లు సాధన చేసేవారికి హాయిగా ఉంటుంది. బ్రిటన్‌కు చెందిన పిరానా వారి జెడ్‌ను అలలూ హోల్‌లూ రెండూ అందుబాటులో ఉన్నవారు పరీక్షించి చూడాలి. ఈ మూడింటిలో ఏది గొప్పదన్న వాదన కన్నా, వాటి సైజుల మెట్లలో మీ బరువు దేని నడిమికి చేరుతుందో చూసుకోవడం లాభదాయకం. ఒక కంపెనీలో రెండు సైజుల మధ్య ఇరుక్కున్నవారికి మరో కంపెనీలో సరిగ్గా నడిమి చోటు దొరకడం తరచుగా జరిగేదే.

ఫ్రీస్టైల్ పేరుతో వెతికేవారిలో చాలామందికి నిజంగా కావలసింది ఈ కురచ పడవ కాదేమో కూడా. వారాంతంలో నది దిగుతూ, దారిలో దొరికిన అల మీద కాసేపు ఆడి, ఒడ్డువార తిరిగే నీటి అంచున వెనుక కొనను ముంచి నిలువుగా లేవడమే సంతోషం అనుకునేవారికి పిరానా రిప్పర్, డాగర్ రీవైండ్, జాక్సన్ యాంటిక్స్ వంటి హాఫ్ స్లైస్ పడవలు ఉన్నాయి. రెండున్నర మీటర్లకు అటూ ఇటూగా ఉండే వీటి ముందుభాగం నది దిగే పడవలా నిండుగా, వెనుకభాగం పలుచగా ఉంటుంది. కాళ్ళకు చోటుంటుంది, వేగముంటుంది, మధ్యాహ్న భోజనం పెట్టుకోవడానికి కూడా స్థలముంటుంది. వీటిలో గాలిలోకి లేచే లూప్ ఆశించకూడదు. రెండు కొనలూ పలుచగా ఉండే జాక్సన్ మిక్స్‌మాస్టర్ వంటి పడవలు నిశ్చల జలంలో కార్ట్‌వీల్ ప్రియులకు నచ్చుతాయి. ఈ వరుసకు ఆ చివర స్క్వర్ట్ పడవ ఉంది: నడిపేవారి బరువుకు తగ్గట్టు ఘనపరిమాణాన్ని కోసి తయారు చేసే ఆ పడవ తేలీ తేలనట్టుగా ఉండి, మనిషితో సహా నీటి అడుగుకు వెళ్ళి రాగలదు. అది వేరే విద్య, ఇక్కడ ప్రస్తావన చాలు.

పదార్థం విషయం త్వరగా ముగిస్తాను. ఎక్కువ పడవలు అచ్చులో తిప్పి పోసిన పాలిథిలీన్‌వే. రాయికి కొట్టుకున్నా గీతలతో సరిపెట్టుకుంటాయి, బరువు 12 నుంచి 15 కిలోలు. ఫ్రాన్స్‌కు చెందిన గిగీ ప్రాడ్ వంటివారు చేసే కార్బన్ పడవలు కొన్ని కిలోలు తేలిక, బిర్రుగా ఉండడం వల్ల అల మీద వేగంగా జారి, ఎత్తుకు లేస్తాయి. లోతైన నీటిలో పోటీపడేవారికి అవి విలువైనవి. రాళ్ళు తేలిన నదిలో ఆడేవారు వాటిని కొంటే, ఆటకన్నా మరమ్మతుకే ఎక్కువ సమయం పోతుంది.

లోపలి అమరిక మాత్రం తీరుబడిగా చూడవలసిన విషయం, ఎందుకంటే సరైన సైజు పడవను కూడా సరిగా బిగించుకోనివారికి అది సరిపోనిదిగానే అనిపిస్తుంది. పడవ మీ నడుముతో పాటు కదలాలి, నడుము పడవలో జారకూడదు. బ్యాక్‌బ్యాండ్ నడుము ఒంపులో కాకుండా ఇంకా దిగువన, త్రికాస్థి పైభాగాన ఉండాలి; పైన ఉంటే వెనక్కి వాలనివ్వదు. తుంటి పక్కల మెత్తలు అరచేయి దూర్చగలిగేంత బిగువుగా ఉంటే చాలు. చాలా ఫ్రీస్టైల్ పడవల్లో పాదాలకు గట్టి పలక ఉండదు, ఫోమ్ దిమ్మలను కోసి పేర్చుకోవాలి. జాక్సన్ వారి హ్యాపీ ఫీట్ అనే గాలి సంచి ఆ పనిని సులువు చేస్తుంది, పాదం పెద్దవారికి అది చేతనైనంత ఉపశమనం. అదే కంపెనీ సీటు మెత్త స్వీట్ చీక్స్ కూర్చునే ఎత్తును పెంచుతుంది. మొండెం పొట్టిగా ఉన్నవారికి ఈ ఎత్తు ఎంతో మేలు చేస్తుంది: తెడ్డు నీటిని బాగా అందుకుంటుంది, అంచులు త్వరగా మారతాయి. స్థిరత్వం కొంత తగ్గుతుంది, కొన్ని వారాల్లో శరీరం దానికి అలవాటు పడుతుంది. బిగించే పద్ధతిలో తాడు, కొక్కెం ఒక రకం. పళ్ళ చక్రంతో బిగిసే రాచెట్ మరో రకం. రాచెట్ బిగింపు కచ్చితంగా ఉంటుంది, కానీ ఇసుక చేరితే మొండికేస్తుంది. పేరు చెప్పనవసరం లేని ఒక పడవలో నాకు అది నది మధ్యలో విడివడి, బ్యాక్‌బ్యాండ్ లేకుండానే ఒడ్డుకు చేరవలసి వచ్చింది. అప్పటి నుంచి నా ఓటు తాడుకే. హోల్‌లో ఎక్కువగా ఆడేవారు వెనుకభాగంలో గాలి సంచులు, తొడల మీద స్ప్రే స్కర్ట్ కింద ఓవర్‌థ్రస్టర్ అమర్చుకోవాలి. ఇవి నీటికి చోటివ్వకుండా ఆక్రమించి, దుమికే నీటి బరువుకు స్కర్ట్ లోపలికి కుంగకుండా ఆపుతాయి.

పిల్లలకు పెద్దల పడవలో చిన్న సైజు కొనిపెట్టి, పెరుగుతారులే అని సరిపెట్టే తల్లిదండ్రులను చూస్తే జాలి వేస్తుంది. ముప్పై కిలోల పిల్లవాడు పెద్దల చిన్న సైజులో ఎంత వంగినా అంచు కదలదు. ఆట రాదు, ఆసక్తి పోతుంది. పిల్లల శరీరానికే రూపొందించిన జాక్సన్ ఫన్ 1 వంటి పడవలు ఉన్నది ఇందుకే. పెద్దవారిలో తొలిసారి కయాక్ ఎక్కేవారికి కూడా నేరుగా ఫ్రీస్టైల్ పడవను సిఫారసు చేయను. బోర్లాపడ్డ పడవను తిరిగి నిలబెట్టే రోల్ వచ్చాక దాని జోలికి వెళ్ళడం మంచిది.

ఫ్రీస్టైల్ పడవ పాతది కొనడంలో తప్పు లేదు. ఆకారాలు ఇటీవల నెమ్మదిగానే మారుతున్నాయి గనుక రెండు తరాల వెనుకటి రాక్ స్టార్ అయినా సరైన సైజులో దొరికితే, సరిపోని కొత్తదాని కన్నా మేలు. సీటు కింద, రెయిల్‌ల వెంట, వెనుక కొన చివర మూడు చోట్లా జాగ్రత్తగా చూడండి. సీటు కింద అడుగుభాగం లోపలికి కుంగి ఉంటే బొటనవేలితో నొక్కండి. తేలికగా వంగితే ప్లాస్టిక్ అరిగి పలుచబడినట్టే. వెనుక కొన రాళ్ళకు రాసుకుని అరగడం మామూలే, అయితే లోపల లైటు వేసి బయటి నుంచి చూసినప్పుడు ఆ చోట వెలుగు చుట్టుపక్కల కన్నా ఎక్కువగా కనిపిస్తే ఆ పడవ వద్దు. లీనియర్ పాలిథిలీన్ పగులును వెల్డింగ్‌తో మూయవచ్చు, క్రాస్‌లింక్ రకానికి ఆ వెల్డింగ్ సరిగా పట్టదు కాబట్టి ఏ రకమో అడిగి తెలుసుకోండి. ఎండలో ఏళ్ళ తరబడి పడి రంగు వెలిసిన పడవ పెళుసుబారి ఉంటుంది. పాత యజమాని తన శరీరానికి తగ్గట్టు సీటును జరుపుకుని, ఫోమ్ దిమ్మలు అంటించి ఉంటాడు. వాటిని తీసివేసి, సీటును మధ్య స్థానానికి తెచ్చి, నిశ్చల జలంలో పైన చెప్పిన పరీక్షను మొదటి నుంచి చేశాకే బేరం మాట్లాడండి.